గుణదల శ్రుతి

మా గిటారు గురువులు దేవసహాయం మాస్టారు ప్రభువు సన్నిధికి చేరుకున్నారన్న దుర్వార్త అందిన వేళ నేను బెజవాడ వన్ టౌన్‌లో మా బట్టల కొట్టు ముందు నిలబడి, తోపుడు బండి మీంచి చీరల బేళ్ళు దింపించుకుంటున్నాను. ఫోన్ చేసినవాడు నాతోపాటు ఆయన దగ్గర నేర్చుకున్న మిత్రుడు కరుణాకర్. "మాస్టారు పోయార్రా శేషూ" అన్నాడు. "ఉండరా, ఎవరో తప్పు చెప్పుంటారు" అన్నాను వెంటనే. మాటవరసకు అన్నది కాదు, నిజంగా నమ్మే అన్నాను. మా మాస్టారు జీవితంలో ఏ పనీ హఠాత్తుగా చేసిన మనిషి కాదు. కాఫీ తాగడానికి కూర్చుంటే గ్లాసు చల్లారిపోయేది, మళ్ళీ వేడిచేయించుకుంటే మళ్ళీ చల్లారేది. అటువంటి మనిషి ఆదివారం ఆరాధన నుంచి ఇంటికి వచ్చి, వరండాలో కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు అడిగి, ఆ నీళ్ళు తెచ్చేలోగా వెళ్ళిపోయారట. ఎంత ఆలోచించినా ఇది ఆయన చేసిన పనిలా నాకు తోచడం లేదు. బేళ్ళు అక్కడే వదిలేసి ఆటో ఎక్కాను. కొట్టు ఎవరికీ అప్పగించకుండా వచ్చేశానన్న భయం ఒకపక్క, వార్త నిజమైతే ఎలాగన్న భయం ఇంకోపక్క. గుణదల చేరేసరికి ఇంటిముందు చెప్పులు కనిపించాయి. అన్ని జతల చెప్పులు చూశాక ఇక అడగాల్సింది ఏమీ లేకపోయింది.

ఆయన పేరు పత్రికల్లో ఎన్నడూ అచ్చుకాలేదు. సభల్లో శాలువాలు కప్పించుకున్న మనిషీ కాదు. గుణదల కొండ దిగువన ఒక సన్నటి సందులో రెండు గదుల ఇల్లు. రైల్వేలో ఉద్యోగం చేసుకుంటూ, సాయంకాలాలు గిటారు నేర్పుతూ, ఆదివారాలు తమ చర్చి సంఘంలో కీర్తనలకు వాయిస్తూ ఒక నిండు జీవితం గడిపిన విద్వాంసుడు. మేరీమాత తిరునాళ్ళకు కొండ ఎక్కే జనం ఆ సందంతా నిండి తోసుకుంటూ పోతున్నా, వరండాలో పాఠం పాఠంలాగే నడిచేది. ఆయన సహధర్మచారిణి సుగుణమ్మగారిని మేమందరం అమ్మగారు అనే పిలిచేవాళ్ళం. ఆమెకు సంగీతం పట్ల ద్వేషం లేదు, ప్రత్యేకించి ప్రేమా లేదు. మా అందరికీ అట్లు పోసి పెట్టడం మీదే ఆమె శ్రద్ధ.

నా సంగతి చెప్పకపోతే ఆయన సంగతి తెలియదు. మా తాతలది పెడన, మగ్గాల ఇల్లు. నాన్న బెజవాడ వచ్చి బట్టల వ్యాపారంలో పడ్డారు. నేను పుట్టుకతోనే కంగారు మనిషిని. కొట్టుకు తాళం వేసి సందు మలుపు దాకా వెళ్ళి, వేశానో లేదోనని వెనక్కి వచ్చి లాగి చూసే రకం. ఫోన్ మోగితే ఎత్తేలోపు నాలుగు చావులు ఊహించుకుంటాను. కాలేజీ రోజుల్లో ఎవరో అమ్ముతుంటే కొన్న పాత గిటారు పట్టుకుని మొదటిసారి మాస్టారి ఇంటికి వెళ్ళి, సొంతంగా నేర్చుకున్న ఒక సినిమా పాట గబగబా వాయించి చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని అడిగారు.

"బస్సేవన్నా అందుకోవాలా బాబూ?"

నిజంగానే అడిగారనుకున్నాను. "లేదండీ, సైకిల్ మీదొచ్చానండీ."

"తాళం వేశావా సైకిలికి?"

"వేశాననే అనుకుంటానండీ."

"అయితే పోయి చూసిరా, పర్లేదు."

వెళ్ళి చూసి వచ్చాను. తాళం వేసే ఉంది. "ఇప్పుడు కూర్చో. ఒక్క తీగ మీటు. అది పూర్తిగా ఆరిపోయేదాకా ఇంకోదాన్ని ముట్టుకోకు" అన్నారు. ఆ సాయంత్రమంతా నేను చేసింది అదే. ఇంట్లో ఎవరన్నా నా కంగారు చూస్తే నవ్వేవారు, లేకపోతే తిట్టేవారు. పోయి చూసిరమ్మని నెమ్మదిగా పంపినవారు ఆయనొక్కరే. ఆ రోజే ఆయన నా గురువని నాకు తెలిసిపోయింది.

ఇక ఆ పాట గురించి చెప్పాలి. మాస్టారి పేరు తలిస్తే ఆయన శిష్యులెవరికైనా ముందు గుర్తొచ్చేది అదే. అది పాశ్చాత్యుల పాట. బ్లూస్-రాక్ అంటారే, ఆ కోవకు చెందిన సుప్రసిద్ధమైన పాత రికార్డింగు. దాని పేరు మాస్టారు పలికేవారు కాదు, 'ఆ పాట' అనేవారు. ఆయన అలవాటునే నేనూ పాటిస్తాను. బాగా నెమ్మదైన చౌకకాలంలో, ఒక్కో దెబ్బా మూడు ముక్కలుగా విరిగే తిశ్ర నడకలో, దిగులుగా పలికే మైనర్ స్వరాల మీద సాగే పాట. గాయకుడు ఒక వాక్యం పాడి ఆగుతాడు, గిటారు జవాబు చెబుతుంది, మళ్ళీ అతను అందుకుంటాడు. చెప్పుకుంటే ఇంతే.

రైల్వేలో స్నేహితుడొకరు ఎక్కడినుంచో తెచ్చిన క్యాసెట్టుకు మాస్టారు తన యౌవనంలో వన్ టౌన్‌లోని ఒక రికార్డింగ్ సెంటర్‌లో నకలు తీయించుకున్నారు. అసలు క్యాసెట్టును తిప్పిన టేప్ రికార్డర్‌లో బెల్టు సాగిపోయి ఉంది. అది నెమ్మదిగా తిరిగింది. నకలు తీసిన యంత్రం మాత్రం సరిగ్గానే తిరిగింది. దాంతో ఆ నెమ్మదితనం నకల్లోకి శాశ్వతంగా ఎక్కి కూర్చుంది. వేగం తగ్గితే శ్రుతి కూడా దిగిపోతుంది కదా! పాట మొత్తం బరువెక్కి, గాయకుడి గొంతు బావిలోంచి వచ్చినట్టు అయింది. ఈ సంగతి అప్పట్లో మాస్టారికి గానీ మాకు గానీ తెలియదు. అసలు రికార్డు ఎలా ఉంటుందో ఈ ఊళ్ళో ఎవరు విన్నారు గనక! ఆ పాడినాయన బాగా లావుగా, పెద్ద వయసులో, ఉబ్బసంతో ఉండి ఉంటాడని మేమంతా ఏకగ్రీవంగా తీర్మానించుకున్నాం. "పాపం, ఆయాసపడుతూనే ఎంత బాగా పాడాడో చూడండయ్యా" అని మాస్టారు జాలిపడేవారు.

ఆ క్యాసెట్టులో పాట శ్రుతి హార్మోనియం మీద ఏ మెట్టూ ఒప్పుకోనిది. రెండు మెట్ల నడుమ ఎక్కడో ఉండేది. మాస్టారు గిటారు బిరడాలన్నీ వదులు చేసి, తీగలు వేలాడేంత దించి, చెవితో ఆ శ్రుతికి కలిపేవారు. మా చేతా అలాగే కలిపించేవారు. ఆయన దగ్గర నేర్చుకుని వేరే బృందాల్లోకి వెళ్ళినవాళ్ళు కీబోర్డు పక్కన నిలబడి ఆ పాట ఎత్తుకుంటే గోల గోలగా ఉండేది. "మీరు గుణదల శ్రుతి వాళ్ళా?" అని మిగతావాళ్ళు నవ్వేవారు. ఎగతాళికి పెట్టిన ఆ పేరును మాస్టారు మాత్రం బిరుదులా స్వీకరించారు.

ఆ పాటలో రసం ఏమిటని ఒకసారి అడిగాను. విషాదమే అయి ఉండాలని నా నమ్మకం. ఆయన "ఇది ఏడుపు పాట కాదు శేషూ. ఏడుపొచ్చి, పక్కవాళ్ళు చూస్తారని ఆపుకున్నోడి పాట. తొందరపడ్డావంటే ఏడ్చేసినట్టే" అన్నారు. అంతకంటే మంచి సంగీత పాఠం నేను వినలేదు. ఆ పాట ఆయన చేతిలో ఎప్పుడూ తెగబోయేలా ఉండి తెగేది కాదు. తరువాతి స్వరం రావలసిన చోట రాదు. ఇక రాదేమోనని నాకు భయం వేసేది. అప్పుడు వచ్చేది. వందసార్లు విన్నా ఆ భయం పోలేదు. ఆ భయం తీరడంలోని హాయీ పోలేదు.

ఒకసారి కైకలూరు దగ్గర పల్లెలో పెళ్ళి రిసెప్షన్‌కు మాస్టారి ఆర్కెస్ట్రాలో నేనూ కరుణాకర్ వెళ్ళాం. మగపెళ్ళివారు ఇంకా రాలేదు, వచ్చినవాళ్ళు ఎదురుచూస్తున్నారు. మాస్టారు ఏ ధ్యాసలో ఉన్నారో, ఆ పాట ఎత్తుకున్నారు. సగం దాకా వెళ్ళాక పెళ్ళికూతురి తాతగారు ముందు వరసలోంచి లేచి చెయ్యి ఊపారు. "ఏవయ్యోయ్, పెళ్ళికొచ్చారా దినానికొచ్చారా?" అని కేకేశారు. మాస్టారు లేచి నిలబడి, "పొరపాటైందండీ" అని చేతులు జోడించి, వెంటనే హుషారైన సినిమా పాట అందుకున్నారు. తిరుగు ప్రయాణంలో వ్యాన్‌లో కరుణాకర్ ఆ తాతగారిని నోటికొచ్చినట్టు తిడుతుంటే మాస్టారు ఆపారు. "ఆయన్ననకు. మనవరాలు వెళ్ళిపోతోంది. పాపం ఆపుకుని కూర్చున్నాడు. నేనెళ్ళి కదిపాను" అన్నారు. ఆయనకు మనుషులు అలా అర్థమయ్యేవారు.

నాన్న గుండె ఆపరేషన్ సందర్భాన్ని రాయకుండా ఉండలేను. ఆసుపత్రి బెంచీ మీద నేను కూర్చోలేక, నిలబడలేక, వచ్చేపోయే నర్సులను అడిగిందే అడుగుతూ వాళ్ళ ప్రాణం తీస్తున్నాను. మాస్టారు వచ్చారు. ధైర్యంగా ఉండమనలేదు, ఏమీ కాదనలేదు. పక్కన కూర్చుని, నా మోకాలి మీద చూపుడువేలితో ఆ పాట నడక తట్టడం మొదలుపెట్టారు. మొదట చిరాకేసింది. తరువాత తరువాత నా ఊపిరి దానంతటదే ఆ నడకలో పడింది. డాక్టరు బయటికి వచ్చేదాకా ఆయన వేలు ఆగలేదు, వేగం పెరగలేదు. ఆ రోజు మొదలు నాకు ఎక్కడ భయం వేసినా ఆ నడకను మోకాలి మీద తట్టుకునేవాణ్ణి. తప్పుతున్నానని అనిపిస్తే గుణదల వెళ్ళి మాస్టారి ముందు కూర్చుని సరిచేసుకుని వచ్చేవాణ్ణి. పాట ఎంత వేగంతో నడవాలో చెప్పేదాన్ని సంగీతజ్ఞులు కాలప్రమాణం అంటారు. నాకు అది బతకడానికి పట్టుకునే చెయ్యి అయింది.

అసలు రికార్డు మా చెవిన పడింది సెల్‌ఫోన్లలో పాటలు వచ్చాక. కరుణాకర్ దాన్ని వెతికి పట్టుకుని, వరండాలో మాస్టారి ముందు మోగించాడు. మేం ఉలిక్కిపడ్డాం. పాట మా పాటే, శ్రుతి ఎక్కడో పైన ఉంది. నడక చురుగ్గా, కాస్త పొగరుగా ఉంది. అందులో ఆపుకున్న ఏడుపు లేదు, ఎవరినో నిలదీస్తున్న కోపం ఉంది. తెర మీద బొమ్మ చూస్తే పాడుతున్నవాడు పుల్లలాంటి కుర్రాడు. మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని చివరిదాకా విన్నారు.

"లావాయన కాదే!" అన్నారు ముందు. తరువాత, "ఈ అబ్బాయెవరికో ఎక్కడికో వెళ్ళాల్సిన పనున్నట్టుందే" అన్నారు.

"అయితే మనం ఇన్నేళ్ళూ తప్పు వాయించామాండీ?" కంగారుగా అడిగాను. తప్పంటే నాకు అంత భయం.

ఆయన కొన్నాళ్ళపాటు గిటారును అసలు శ్రుతికి పెంచి, అసలు వేగంలో సాధన చేశారు. ఆ వయసులో, వేళ్ళ నొప్పులతో! మళ్ళీ నేను వెళ్ళేసరికి తీగలు ఎప్పటిలా కిందికి దిగి ఉన్నాయి. "అతనిది తప్పు కాదు, మనదీ తప్పు కాదు. అదో అద్దె ఇల్లులా ఉంది నాకు. అన్నీ బాగానే ఉన్నాయి, నిద్ర పట్టట్లేదు" అన్నారు. ఆ తరువాత ఆయన నడక ఇంకాస్త నెమ్మదించిందని కరుణాకర్ అంటాడు. నాకు అలా అనిపించలేదు. ఇప్పుడు ఏది నిజమో తేల్చేవారు లేరు.

ఆయన వాయించడాన్ని రికార్డు చేయడానికి మేం చేయని ప్రయత్నం లేదు. ఫోన్ బయటికి తీస్తే గిటారు పక్కన పెట్టేసేవారు. "ఒక మిషను చెప్పిన మాట ఒకసారి నమ్మాను. చాలు" అనేవారు. ఆ పాత క్యాసెట్టు టేపు చిక్కుపడి తెగిపోయినప్పుడు కూడా దాచుకోలేదు. మేం అతికించి తెస్తామన్నా, "నా దగ్గరుందిగా" అని నవ్వి చెత్తలో వేశారు. మేమూ ఆయన దగ్గరుంది కదా అనుకున్నాం. మనిషి ఎక్కడికి పోతాడు అన్నట్టే ఉన్నాం మేమంతా.

భూస్థాపన జరిగాక అమ్మగారు నన్ను పిలిచారు. శనివారం ఇంటిముందు ఆదరణ కూడిక పెడుతున్నారు. క్రైస్తవ కుటుంబాల్లో చనిపోయినవారి తలపుతో, మిగిలినవారి ఓదార్పు కోసం జరిగే ప్రార్థన అది. "పాస్టర్ గారిని అడిగాను, సరేనన్నారు. ఆ పాట వాయించండి నాయనా. నాకు దాని తలా తోకా తెలీదు గానీ ఆయనకి అదంటే ప్రాణం. నువ్వే మొదలెట్టాలి శేషూ" అన్నారు. అలాగేనండీ అన్నాను. బయటికి వచ్చి స్కూటర్ మీద కూర్చుని, అలవాటు కొద్దీ మోకాలి మీద వేలు పెట్టాను. నడక రాలేదు. ఒకసారి మరీ వేగంగా, ఒకసారి మరీ ఈడ్చుకుంటూ వచ్చింది. ఏది ఆయనదో తెలియలేదు. నా జీవితంలో ఎన్నో భయాలు పడ్డాను. ఆ క్షణం పడినంత భయం ఎన్నడూ పడలేదు. మనిషి పోయి ఇంకా వారం తిరగలేదు, ఆయన నడక అప్పుడే నా చేతుల్లోంచి జారిపోతోంది.

కరుణాకర్ దగ్గరికి పరుగెత్తాను. వాడు బల్ల మీద తట్టి చూపించాడు. నాది వేరు, వాడిది వేరు. "నీదెప్పుడూ పరుగేరా" అన్నాడు. "నీది నిద్ర" అన్నాను. ఇంకొందరు శిష్యులకు ఫోన్లు చేశాం. ప్రతివాడూ నాకు బాగా గుర్తుందన్నాడు, ప్రతివాడూ తన స్వభావానికి తగ్గట్టు తట్టి వినిపించాడు. అప్పుడు కరుణాకర్ తన పెళ్ళి వీడియో తీశాడు. ఆ రోజు మాస్టారు ఆ పాట వాయించారు, నాకూ గుర్తే. తెర మీద ఆయన కనిపించారు. నల్ల కోటు వేసుకుని, తల కొంచెం వంచి, ఆయనే. వినిపిస్తున్నది మాత్రం సినిమా పాట. వీడియో తీసినవాళ్ళు పెళ్ళి మొత్తానికి తమకు నచ్చిన పాటలు వేసేశారు. "పోన్లే, చెయ్యి కనిపిస్తోందిగా, దెబ్బలు లెక్కపెడదాం" అని నేను తెర మీదికి వంగాను. మాస్టారి చెయ్యి గాల్లో తేలుతూ, పువ్వులు రాలుతుండగా, తీరిగ్గా కిందికి దిగింది. స్లో మోషన్ పెట్టారు. కరుణాకర్ నవ్వడం మొదలుపెట్టి, నవ్వు మధ్యలోనే ఏడ్చేశాడు.

ఆ ఏడుపు చూస్తుండగా నాకు తట్టింది, మాస్టారి గిటారు! గోడకు తగిలించి ఉంటుంది. ఎప్పుడూ ఆ శ్రుతిలోనే ఉంచేవారు. ఆ శ్రుతి దొరికితే అసలు రికార్డు నుంచి ఎంత దించాలో తెలుస్తుంది. అంత దించితే వేగం కూడా దానంతటదే దొరుకుతుంది. క్యాసెట్టు అలాగే కదా పుట్టింది! ఎండలో స్కూటర్ మీద గుణదలకు ఎలా వెళ్ళానో నాకే తెలియదు. రైలు గేటు పడితే ప్రాణం పోయినంత పనైంది. ఎవరూ దాన్ని ముట్టుకోకూడదని దారి పొడవునా దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను, మా దేవుళ్ళకీ, ఆయన దేవుడికీ.

గిటారు గోడ మీదే ఉంది. దించి మీటాను. శుభ్రంగా, ఖంగుమని, హార్మోనియంతో సరిపోయేలా పలికింది. వరండాలో బల్లలు సర్దుతున్న విల్సన్ గారు వచ్చారు. సంఘంలో మాస్టారి తరువాత గిటారు వాయించే పెద్దమనిషి.

"బాగుందా అండీ? శ్రుతి బొత్తిగా దిగిపోయుందండీ. మాస్టారికి ఓపిక తగ్గి చూసుకోలేదేమోనని నేనే సరిచేశానండీ. భూస్థాపన నాడు కీర్తనకి దాన్నే వాయించాం" అన్నారు. ఆయన కళ్ళు తడిసి ఉన్నాయి. గురువుగారికి చేసిన చివరి సేవగా చెబుతున్నారు. ఆ కీర్తన వినబడుతున్నప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. అది ఎవరి గిటారో, ఏ శ్రుతిలో ఉందో గమనించే స్థితిలో లేను.

"మంచి పని చేశారండీ" అన్నాను. ఇంకేమనగలను! ఆయన వెళ్ళాక గిటారును ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మాస్టారు నిజంగా పోయారని నాకు అప్పుడు తెలిసింది.

శనివారం సందులో షామియానా వేశారు. ప్రార్థన అయింది, పాస్టర్ గారి వాక్య ప్రసంగం అయింది. సంఘపెద్దలు, రైల్వే స్నేహితులు మాట్లాడారు. మేం పాతా కొత్తా శిష్యులం గిటార్లు పట్టుకుని ఒక పక్కకు చేరాం. శ్రుతి దగ్గర మళ్ళీ తగువు. ఒకడు ఇంకా దించాలంటాడు, ఒకడు చాలంటాడు. అందరూ నా వంక చూశారు. నేను బిరడాలు తిప్పుతూ పోయి, ఒకచోట "ఇదే" అన్నాను. నాకు తెలిసి అనలేదు. ఎక్కడో ఒకచోట ఆగాలి గనక అన్నాను.

మొదటి తీగ మీటాను. అది పూర్తిగా ఆరిపోయేదాకా కాచుకున్నాను. రెండో స్వరానికి కరుణాకర్ బేస్ గిటారుతో వచ్చి కలిశాడు, తక్కినవాళ్ళూ చేరారు. రెండో ఆవర్తంలో ఒకచోట, రికార్డులో గాయకుడి వాక్యం ఆగి గిటారు జవాబు చెప్పాల్సినచోట, అందరం ఒక్కసారే ఆగాం. ఎవరూ తొందరపడలేదు. ఆ ఖాళీలో మాస్టారు ఉన్నారు. నేను ఒట్టేసి చెప్పగలను, ఉన్నారు. ఇదే, ఇదే అనుకున్నాను. పోతుందేమోనని భయం వేసింది. ఆ భయం వేయగానే పోయింది. అక్కణ్ణుంచి నాకు వినిపించినదల్లా నా చేతుల నడకే. పాట ముగిసింది. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. అలాంటి కూడికల్లో చప్పట్లు ఉండవు గనక ఎలా వాయించామో ఎవరూ చెప్పలేదు.

అమ్మగారు చెయ్యి ఊపి పిలిస్తే వెళ్ళి ఆమె కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను. ఆమె ఏదో ఒకటి అనాలని నా ప్రాణం కొట్టుకుంటోంది.

"బాగా వాయించారు నాయనా. ఆయన వినే ఉంటారు" అన్నారు. ఊరట కలిగింది. ఆమె నా తల మీద చెయ్యి వేశారు.

"కాకపోతే, మీ మాస్టారైతే ఇంకా సగంలోనే ఉండేవారు."

తప్పు పట్టి అన్న మాట కాదు. నవ్వుతూనే అన్నారు. పాటకు తలా తోకా తెలియదన్న ఆ ఇల్లాలికి అది ఎంతసేపు పట్టాలో తెలుసు. నడక ఎలా ఉండాలో మాత్రం ఆమె కూడా చెప్పలేరు.

మహానుభావుడు దేవసహాయం మాస్టారు తన శిష్యులకు ఆస్తిగా ఇచ్చినది ఒకే ఒక్క నెమ్మది. దాన్ని ఏ యంత్రమూ పట్టుకోలేదు, మేమూ పట్టుకోలేకపోయాం. అది ఆయనతోనే గుణదల మట్టిలో విశ్రమించింది. ఆ పాదాలకు నమస్కరించడం తప్ప నాకు చేతనైనది ఏమీ లేదు. పాట అయ్యాక వడ్డించండని వంటవాళ్ళకు ముందే చెప్పి ఉంచాం, మాస్టారు వాయిస్తే పట్టే సేపునే ఉజ్జాయింపుగా లెక్కేసి చెప్పాం. అన్నం ఇంకా ఉడకలేదన్నారు. ఆయనే ఉంటే ఇంకా వాయిస్తూ నింపి ఉండే కాలం అది. దాన్ని ఏం చేసుకోవాలో తెలియక, షామియానా కింద అందరం అలా కూర్చుండిపోయాం.